ఏరియేటర్‌కు పట్టిన తెల్ల గొట్టాలు రొయ్యను ఎదగనివ్వవా?

ప్రశ్న: నిజాంపట్నం దగ్గర మూడెకరాల్లో వనామి రొయ్య వేశాను. 60 రోజులు దాటినా 150 కౌంట్ (కిలోకు 150 రొయ్యలు) దగ్గరే ఆగిపోయింది. ఏరియేటర్ (నీటికి గాలి పట్టించే యంత్రం) ఫ్లోట్లకు, తూము పైపులకు తెల్లటి గట్టి గొట్టాలు మెలికలు మెలికలుగా పట్టాయి. ఒకటి పగలగొడితే లోపల ఆకుపచ్చగా పురుగు ఉంది. రొయ్య ఎదుగుదలను ఆపే ఈహెచ్‌పీ పురుగు ఇదేనని, చెరువంతా మందు కొట్టాలని షాపులో చెప్పారు. రొయ్యలను ఇదే పాడు చేస్తోందా? పైపు ముక్క సీసాలో పెట్టి గుంటూరు బస్సులో పంపుతున్నాను.
– ఒక రొయ్యల రైతు

జవాబు: ముక్క భద్రంగా అందిందండీ. ముందు ఒక మాట, ఆ మందు కొనకండి. ఇప్పటికే కొని ఉంటే కొట్టకండి. మీ చెరువులో రెండు సమస్యలున్నాయి. గొట్టాలు ఒకటి, ఎదుగుదల లేకపోవడం ఇంకొకటి. రెండూ ఒకేసారి కంటపడ్డాయి కాబట్టి ఒకదానివల్లే మరొకటి అనిపించడం సహజమే.

మీరు పంపిన ముక్కను అదే నీళ్లతో గాజు గిన్నెలో పెట్టి పక్కన కూర్చున్నాను. పావుగంట దాకా చలనం లేదు. తర్వాత ఒక గొట్టం మూతి దగ్గర చిన్న బిరడా కదిలింది, దాని వెనకే సన్నటి ఈకల కుచ్చు విసనకర్రలా విచ్చుకుంది. చూద్దామని వంగానో లేదో, నా నీడ పడగానే రెప్పపాటులో లోపలికి పోయింది. బిరడా మళ్లీ బిగిసింది. ఆ ఈకలకు వెలుతురు తగ్గితే తెలిసిపోతుంది. బస్సులో అంతదూరం బతికి రావడానికి కూడా ఆ బిరడా సాయపడి ఉండొచ్చు.

ఇది సెర్పులిడే కుటుంబానికి చెందిన గొట్టపు పురుగు. ఈకల కుచ్చు దాని తల మీద ఉంటుంది, రెండు భాగాలుగా. ఒక్కో ఈకకు ఇంకా సన్నని పక్క ఈకలు, వాటి మీద కంటికి కనపడని వెంట్రుకలు ఉంటాయి. ఆ వెంట్రుకలు కదులుతూ నీటిని లాగుతాయి. నీటిలోని నాచు కణాలు, నలకలు అందులో చిక్కి నోటికి చేరతాయి. ఊపిరి పీల్చుకునేదీ ఆ ఈకలతోనే. ఒక ఈక మాత్రం మారిపోయి బిరడా అయింది. దీనికి దవడలు లేవు, గొట్టం వదిలి వేటకు వచ్చే పద్ధతీ లేదు. అలాంటిది రొయ్యను ఏం తింటుంది చెప్పండి?

తల కింద చొక్కా కాలర్ లాంటి మడత ఒకటి ఉంది. అక్కడి గ్రంథుల నుంచి వచ్చే సున్నం, జిగురు కలిపి గొట్టం అంచుకు పూస్తూ ఇల్లు పెంచుకుంటుంది. మీ దగ్గరున్న గొట్టం మీద నిమ్మరసం చుక్క వేయండి, నురుగు వస్తుంది. కాలర్ వెనక ఛాతీ, సాధారణంగా ఏడు కణుపులు. ఆ వెనక పొడవాటి పొట్ట. ఛాతీలో పైవైపు ముళ్లు, కిందవైపు కొక్కేలు ఉంటాయి. పొట్టలో ఇవి తారుమారు, కొక్కేలు పైకి, ముళ్లు కిందికి. వీటితో గొట్టం గోడను పట్టుకుంటుందే తప్ప, గొట్టానికి అతుక్కుని ఉండదు. ఇలాంటి గొట్టాలే కట్టే నత్త ఒకటి ఉంది, దాని ఒళ్లు మాత్రం చిప్పకు కండరంతో అతుక్కుని ఉంటుంది. ఇంకో తమాషా, గొట్టానికి వెనక దారి లేదు కాబట్టి మలం ఒంటి మీదున్న గాడి వెంట ముందుకే వచ్చి మూతి దగ్గర బయటపడుతుంది.

ఆకుపచ్చ రంగు చూసి విషమనుకోకండి. ఈ కుటుంబపు పురుగుల రక్తంలో క్లోరోక్రూరిన్ అనే పదార్థం ఉంటుంది, పలచగా ఉంటే ఆకుపచ్చగా కనిపిస్తుంది. అందులోనూ మన రక్తంలో లాగే ఇనుమే ఉంది.

వంశం సంగతి కూడా చెప్పాలి, అసలు పొరపాటు అక్కడే జరిగింది. ఇది అనెలిడా, అంటే కణుపుల పురుగుల వర్గం. మన పొలంలో వానపాము, హేచరీల్లో తల్లి రొయ్యలకు మేతగా వేసే పాలీకీట్ పురుగు, అన్నీ ఈ వర్గమే. దీన్ని కూడా పుస్తకాల్లో పాలీకీట్ల కిందే రాస్తారు. అయితే 2011లో జన్యువుల ఆధారంగా వంశవృక్షం గీసినప్పుడు ఒక చిత్రం తేలింది. కదలకుండా బతికే ఈ గొట్టపు పురుగుకు, పాకుతూ తిరిగే నీరిస్ లాంటి పాలీకీట్ల కంటే వానపామే దగ్గర చుట్టం. మేతగా వాడే ఆ తిరుగుడు పురుగుల్లో ఈహెచ్‌పీ ఆనవాళ్లు దొరికిన మాట నిజమే. ‘పాలీకీట్‌లో ఈహెచ్‌పీ’ అన్న ముక్క చేతులు మారి మీ దగ్గరికొచ్చేసరికి ‘ఈహెచ్‌పీ పురుగు’ అయిపోయింది. ఈహెచ్‌పీ అసలు పురుగే కాదు. 2009లో పేరు పెట్టిన మైక్రోస్పోరిడియా జీవి (ఇతర జీవుల కణాల్లో బతికే సూక్ష్మ పరాన్నజీవి), బీజం మిల్లీమీటరులో వెయ్యో వంతు ఉంటుంది, రొయ్య హెపటోపాంక్రియాస్ (తలలో ఉండే జీర్ణగ్రంథి) కణాల్లో దాక్కుంటుంది.

గొట్టాల వల్ల నష్టం లేదా అంటే, ఉంది. పైపు సందు తగ్గుతుంది, ఫ్లోట్ బరువెక్కుతుంది, ఏరియేటర్ మీద భారం పడి కరెంటు బిల్లు పెరుగుతుంది. ఇప్పుడు చేయాల్సింది ఒక్కటే. ఏరియేటర్లను వంతులవారీగా గట్టు మీదికి తెచ్చి, గీకి, రెండు మూడు రోజులు ఎండబెట్టండి. గీకిన పెంకు చెరువులో వేయొద్దు. చెప్పులు లేకుండా దాన్ని తొక్కొద్దు, గాజుపెంకులా కోస్తుంది. రొయ్యలున్న నీటిలో యాసిడ్, బ్లీచింగ్ మాట ఎత్తకండి.

వచ్చే పంటకు పోటు నీటిని నేరుగా ఎక్కించకండి. వీటి పిల్లలు కొన్నాళ్లు నీటిలో ఈదుతూ తిరిగి, బ్యాక్టీరియా జిగురు పట్టిన గట్టి వస్తువు దొరకగానే స్థిరపడతాయి. మామూలుగా కట్టే 60 మెష్ (అంగుళానికి 60 కళ్లున్న) వలలోంచి అవి సులువుగా దూరిపోతాయి. రిజర్వాయర్‌లో నీరు నిలిపి, 60 పీపీఎం బ్లీచింగ్ (పది లక్షల వంతుల నీటికి 60 వంతులు, అంటే మీటరు లోతుకు ఎకరాకు దాదాపు 240 కిలోలు) వేసి, క్లోరిన్ పూర్తిగా పోయాకే చెరువుకు వదలండి.

ఎదుగుదల విషయంలో నాకూ అనుమానం ఈహెచ్‌పీ మీదే. షాపులో జబ్బు పేరు సరిగ్గానే చెప్పారు, పురుగునే తప్పుగా చూపించారు. దానికి నమ్మదగిన మందు లేదు. తేలితే మాత్రం పట్టుబడి తర్వాత అడుగు మట్టిని దున్ని, ఎకరాకు సుమారు 2.4 టన్నుల కాల్చిన సున్నం కలిపి, తడిపి వారం ఉంచి, ఆ తర్వాత ఎండగట్టాలి. ముందు పీసీఆర్ పరీక్ష (జన్యుపదార్థాన్ని బట్టి రోగకారకాన్ని పట్టే పరీక్ష) చేయించండి. చెక్ ట్రేలో (మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెంలో) బాగా చిన్నగా ఉన్న రొయ్యలు పది ఏరి బతికుండగానే ల్యాబ్‌కు తీసుకెళ్లండి. కుదరకపోతే హెపటోపాంక్రియాస్‌ను 95 శాతం ఆల్కహాల్‌లో వేసి పంపండి. ఈసారి పైపు ముక్క అక్కర్లేదు.