గేటు బయట రోడ్డు మీద కారుకు ఛార్జింగ్ పెడితే, కేబుల్ తట్టుకుని ఎవరైనా పడితే ఇన్సూరెన్స్ వస్తుందా?

మీరు చెప్పినదాన్ని బట్టి హైదరాబాద్‌లో 20 అడుగుల సందు, గేటు లోపల కారుకు చోటు లేదు. బండి ప్రహరీ పక్కన రోడ్డు మీదే ఉంటుంది. వరండాలో ఉన్న పవర్ ప్లగ్ నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ లాగి రాత్రంతా ఛార్జింగ్ పెడదామనుకుంటున్నారు. ఎవరికైనా దెబ్బ తగిలితే, షాక్ కొడితే కట్టేదెవరని అడిగారు.

కారుకు కాంప్రహెన్సివ్ పాలసీ (మీ నష్టం, ఇతరుల నష్టం రెండూ కలిసినది) ఉంది కదా అన్న ధీమా ఇక్కడ సగమే పనికొస్తుంది. కారు పాలసీకీ ఇంటి పాలసీకీ మధ్య కూడా ఒక సందు ఉంది. మీ కేబుల్ సరిగ్గా అందులోంచే పోతోంది.

మీ బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి ఇచ్చే థర్డ్ పార్టీ కవర్ మోటారు వాహనాల చట్టం 147వ సెక్షన్ మీద నడుస్తుంది. బహిరంగ స్థలంలో బండి వాడకం వల్ల జరిగిన నష్టం అన్నది అందులో కీలకం. ఆగి ఉన్న బండిని వాడుతున్నట్టా అని మీకు అనుమానం రావచ్చు. 1987లో పుణే–బెంగళూరు హైవే మీద బోల్తా పడిన పెట్రోల్ ట్యాంకర్ కొన్ని గంటల తర్వాత పేలి, చుట్టూ చేరిన జనం కాలిపోయారు. కదలకుండా పడి ఉన్నా అది వాడకం కిందికే వస్తుందని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి ఛార్జింగ్‌లో ఉన్న మీ బండి అంటుకుని పక్కవాళ్లకు నష్టం జరిగితే థర్డ్ పార్టీ కింద మీ వాదన గట్టిగానే నిలబడుతుంది. గాయాలకూ ప్రాణనష్టానికీ పరిహారానికి పైపరిమితి లేదు. ఆస్తి నష్టానికి మాత్రం ప్రైవేటు కారుకు 7.5 లక్షలే. పక్కింటి రెండు బైకులతో పాటు ముందు గది కూడా కాలిందంటే ఆ పైది మీరే పెట్టుకోవాలి.

కేబుల్ తట్టుకుని పడిన మనిషి సంగతి వేరు. ఎక్స్‌టెన్షన్ బాక్స్ కారులో భాగం కాదు, మీ ఇంటి మీటరుకు తగిలించిన తీగ అని కారు ఇన్సూరెన్స్ కంపెనీ మొదటే అంటుంది. ఇంటి పాలసీ వైపు వెళ్తే, 2021 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న భారత్ గృహ రక్ష కట్టడానికీ సామానుకూ సంబంధించింది. దారిన పోయేవాళ్లకు మీరు ఇవ్వాల్సిన పరిహారం దాని మూల కవర్‌లో లేదు. అలాంటి పరిహారానికే ఉండే పబ్లిక్ లయబిలిటీ కవర్ విడిగా తీసుకున్నా, మోటారు వాహనం వల్ల వచ్చిన బాధ్యతను అందులో మినహాయించడం మామూలే. కారువాళ్లు ఇల్లంటారు, ఇంటివాళ్లు కారంటారు. ‘ఇంటి సాకెట్ నుంచి రోడ్డు మీదున్న బండికి ఛార్జింగ్ పెట్టినప్పుడు కేబుల్ వల్ల మూడో వ్యక్తికి గాయమైతే ఈ పాలసీ వర్తిస్తుందా’ అని రెండు కంపెనీలకూ ఈమెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఏజెంట్ ఫోన్లో ‘అన్నీ వస్తాయి సార్’ అన్నది క్లెయిమ్ రోజున పనికిరాదు.

మీ సొంత నష్టంలోనూ మెలికలున్నాయి. అగ్ని, పేలుడు, తనంతట తాను అంటుకోవడం, పిడుగు అన్నవి మీ బండి నష్టానికి ఇచ్చే ఓన్ డ్యామేజ్ కవర్‌లో ఉన్నాయి. ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్ మినహాయింపుల్లో ఉంది. అంటే మంట లేకుండా, వోల్టేజీ ఎగిసి కారులోపలి ఆన్‌బోర్డ్ ఛార్జర్ మాత్రమే పోతే కొర్రీ పెడతారు. ఛార్జింగ్, బ్యాటరీ రక్షణ యాడ్ఆన్ దీనికోసమే. పాత మోటార్ టారిఫ్‌లో బ్యాటరీకి 50 శాతం తరుగుదల ఉంది, కాబట్టి తరుగుదల కోయకుండా చెల్లించే జీరో డెప్ యాడ్ఆన్‌లో కారును నడిపే పెద్ద బ్యాటరీ చేరిందో లేదో చూసి తీసుకోండి. యాక్సెసరీలకు కవర్ అవి బండి మీద ఉన్నంతసేపే, గోడకు వేలాడే ఛార్జర్ దొంగల పాలైతే అది వేరే లెక్క. చాలామంది గమనించనిది ఇంకొకటి ఉంది. ఓనర్ డ్రైవర్‌కు ఇచ్చే 15 లక్షల ప్రమాద బీమా నడుపుతున్నప్పుడు, ఎక్కుతూ దిగుతూ ఉన్నప్పుడు వర్తిస్తుంది. రోడ్డు మీద నిలబడి గన్ (ఛార్జింగ్ కేబుల్ చివర కారులో పెట్టే పిడి) పెడుతూ షాక్ తిన్నవాడికి అది ఆసరా కాదు.

ఏ పాలసీ తీర్చలేనిది క్రిమినల్ కేసు. దారిలో అడ్డంకి, ప్రమాదం కలిగిస్తే భారతీయ న్యాయ సంహిత 285 కింద 5,000 దాకా జరిమానా. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే 106వ సెక్షన్, 5 ఏళ్ల దాకా శిక్ష.

ఇక కరెంటు పని. ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఆలోచన మానేయండి. ఛార్జింగ్ స్టేషన్లకు కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ పెట్టిన భద్రతా నియమాలే ఇంట్లోనూ మంచి కొలత: సాకెట్ నేల నుంచి కనీసం 800 మిల్లీమీటర్ల ఎత్తున, పార్క్ చేసిన బండి పోర్ట్ 5 మీటర్ల లోపు, ఎక్స్‌టెన్షన్ తీగ నిషేధం. కారణం తేలికే. 3.3 కిలోవాట్ల ఛార్జర్ దాదాపు 14 ఆంప్స్ లాగుతుంది, అదీ ఏడెనిమిది గంటలు ఏకధాటిగా. గీజర్ పావుగంటలో ఆగిపోతుంది గనక అదే సాకెట్ ఇన్నేళ్లూ బతికింది. సన్న తీగ, వదులైన పిన్ను, చుట్ట విప్పని వైరు ఈ లోడుకు కాగి కరుగుతాయి.

మీటరు బోర్డు నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ నేరుగా, మధ్యలో జాయింట్ లేకుండా లాగించండి. దానికి విడిగా 20 ఆంప్స్ ఎంసీబీ (లోడు మించితే తనంతట పడిపోయే స్విచ్), 30 మిల్లీయాంప్స్ టైప్ ఏ ఆర్సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించండి. ప్రహరీ లోపలివైపు మూత ఉన్న 16 ఆంప్స్ ఇండస్ట్రియల్ సాకెట్ బిగించి, ఛార్జింగ్ కేబుల్ మధ్యలో ఉండే కంట్రోల్ బాక్స్‌కు గోడలో కొక్కెం కొట్టించండి. బాక్స్ బరువు ప్లగ్‌ను కిందికి లాగితే పిన్ను వదులై నిప్పురవ్వలు పుడతాయి. మొదటి రోజు అరగంట తర్వాత ప్లగ్ పట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేకపోతే ఆపేయండి. కరెంటు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడు (మీ ఇంటికి మంజూరైన కరెంటు పరిమితి) ఎంతుందో చూసి తక్కువైతే డిస్కంలో పెంచమని అర్జీ పెట్టండి.

అసలు ప్రాణాల మీదికి తెచ్చేది ఎర్తింగ్. పాత ఇళ్లలో ఎర్త్ సరిగ్గా లేక ఛార్జర్ ఎర్రలైటు వేసి మొరాయిస్తుంది. అప్పుడు కొందరు ఎలక్ట్రీషియన్లు సాకెట్‌లోనే న్యూట్రల్‌ను ఎర్త్ పిన్నుకు కలిపేస్తారు. లైటు పచ్చబడుతుంది, ఓనర్ సంతోషిస్తాడు. వెనక ఎక్కడో న్యూట్రల్ తెగిందంటే కారు బాడీ మొత్తానికి కరెంటు వస్తుంది. ఆ బండి ఉన్నది రోడ్డు మీద, దాన్ని ఆనుకుని ఆడుకునేది వీధి పిల్లలు. అలాంటి పని చేయించారని నష్టం చూడడానికి ఇన్సూరెన్స్ కంపెనీ పంపే సర్వేయర్ రాస్తే, బండిని కాపాడుకోవడానికి తగిన జాగ్రత్త తీసుకోవాలన్న పాలసీ షరతు మీకే ఎదురు తిరుగుతుంది. ఎర్త్ గుంత తవ్వించడం కంటే ఇందులో చౌక దారి లేదు.

పార్కింగ్‌లో పోర్ట్ గోడవైపు వచ్చేలా బండిని తిప్పి పెట్టండి. కేబుల్ గోడ మీంచి నేరుగా పోర్ట్‌లోకి దిగాలి, జనం నడిచే వైపుకు ఒక్క అడుగు కూడా రాకూడదు. మిగిలిన తీగను కొక్కేనికి తగిలించండి, నేల మీద వదలొద్దు. పైనుంచి వేలాడదీసి రోడ్డు దాటిస్తే ఏదో ఒక నీళ్ల ట్యాంకర్ లాక్కుపోతుంది. నీళ్లు నిలిచే సందైతే వాన రోజు ఛార్జింగ్ పెట్టకండి. కారు రోడ్డుకు అవతలి వైపు ఉండేటట్టయితే ఇంటి ఛార్జింగ్ మాట వదిలి, వారానికి ఒకటి రెండుసార్లు ఫాస్ట్ ఛార్జర్‌కు వెళ్లండి.

ఒకవేళ ప్రమాదం జరిగితే ముందు గన్ పీకకండి, ఎంసీబీ దింపండి. గాయపడ్డ మనిషిని ఆ తర్వాతే ముట్టుకోండి. మంటైతే 101కు ఫోన్ చేసి జనాన్ని దూరం జరపండి. చల్లారినట్టున్న బ్యాటరీ మళ్లీ అంటుకోవచ్చు, కాబట్టి బండి దగ్గరికి ఎవరినీ పోనివ్వకండి. సాకెట్, తీగ, ప్లగ్ ఉన్నవి ఉన్నట్టే ఫొటోలు తీసి ఉంచండి. సర్వేయర్ వచ్చేదాకా వైరింగ్ మార్పించొద్దు. ఇన్సూరెన్స్‌కు అదే రోజు సమాచారం ఇవ్వండి. ఎలక్ట్రీషియన్ బిల్లు, ఎర్త్ కొలిచిన కాగితం ముందే ఫైల్లో పెట్టుకుని ఉంటే సర్వేయర్ అడిగే మొదటి రెండు ప్రశ్నలకు జవాబు అక్కడే ఉంటుంది.