కొత్త బ్యాటరీ ఇప్పుడే కొనకు

బిడ్డా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన బ్యాటరీ రిపోర్టు ఫోటో చూశాను. ఫుల్ ఛార్జింగ్ పెట్టినా మూడు గంటలకే ల్యాప్‌టాప్ ఆగిపోతోందని, మహబూబ్‌నగర్‌లో ఎవరో బ్యాటరీ మార్చాల్సిందే అన్నారని రాశావు. అడ్వాన్స్ ఏమీ ఇవ్వలేదు కదా? ఇవ్వకు. నీ బ్యాటరీకి ఏమీ కాలేదు.

విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో, అంటే ఆదేశాలు టైప్ చేసే నల్ల తెరలో, నేను కొట్టమన్న బ్యాటరీ రిపోర్టు ఉంది చూడు, అందులో రెండు అంకెలు చూస్తే చాలు. డిజైన్ కెపాసిటీ, అంటే కొత్తగా ఉన్నప్పుడు పట్టే ఛార్జ్, నీది 45,000 మిల్లీవాట్ అవర్లు. ఫుల్ ఛార్జ్ కెపాసిటీ, అంటే ఇప్పుడు పడుతున్నది, 38,250. నూటికి 85 వంతులు ఇంకా ఉంది. వాడిన బ్యాటరీకి ఇంత తరుగుదల మామూలే. సగానికి పడిపోయిన రోజు కొత్తదాని మాట మాట్లాడుకుందాం.

మరి ఛార్జింగ్ ఎటు పోతోంది? వెయ్యి మిల్లీవాట్ అవర్లు ఒక వాట్ అవర్. ఆ 38 వాట్ అవర్లు మూడు గంటల్లో అయిపోతున్నాయంటే నీ ల్యాప్‌టాప్ పదమూడు వాట్ల దాకా లాగుతోంది. ప్రాజెక్ట్ రిపోర్ట్ టైప్ చేయడానికి, పీడీఎఫ్‌లు చదవడానికి అంత అక్కర్లేదు. ఏడు వాట్లకు దించగలిగితే అదే బ్యాటరీ ఐదు గంటలు దాటి వస్తుంది. మన పనంతా ఆ ఆరు వాట్లను పట్టుకోవడమే.

పెద్ద దొంగ స్క్రీన్. హాస్టల్ గదిలో ట్యూబ్‌లైట్ కింద కూర్చొని ఫుల్ బ్రైట్‌నెస్ ఎందుకమ్మా? నలభై శాతానికి దించు, రెండు నిమిషాల్లో కళ్లకు అలవాటవుతుంది. ఇంకోటి, కొనేటప్పుడు 120 హెర్ట్జ్ స్క్రీన్, అంటే సెకనుకు 120 సార్లు బొమ్మ మారేది, అని మీ అమ్మతో గొప్పగా చెప్పావు కదా. గేములు ఆడేవాళ్లకు అది పనికొస్తుంది, వర్డ్ ఫైలుకు దాంతో పనేమీ లేదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే దాకా వెళ్లి 60 పెట్టు. కీబోర్డు కింద లైటు కూడా ఆపెయ్. నల్ల వాల్‌పేపర్ పెడితే ఛార్జింగ్ మిగులుతుందని నీ ఫ్రెండ్ చెప్పింది ఓఎల్ఈడీ స్క్రీన్లకే (ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే రకం) నిజం. నీది ఎల్‌సీడీ. తెర మీద నలుపు ఉన్నా వెనకాల లైటు వెలుగుతూనే ఉంటుంది.

తర్వాత అదే సిస్టమ్‌లో పవర్ అండ్ బ్యాటరీ తెరువు. పవర్ మోడ్ దగ్గర నీకు బెస్ట్ పర్ఫార్మెన్స్ అని ఉండి ఉంటుంది. బ్యాటరీ మీద ఉన్నప్పుడు బెస్ట్ పవర్ ఎఫిషియన్సీ పెట్టు. కొంచెం నెమ్మదిస్తుంది, అంతే, ఏదీ పాడవదు. బ్యాటరీ సేవర్ (కొత్త వెర్షన్లలో ఎనర్జీ సేవర్ అంటారు) బ్యాటరీ అడుగంటాక పనిచేయడం మొదలుపెడితే లాభమేముంది? యాభై శాతం దగ్గరే ఆన్ అయ్యేలా పెట్టుకో. అక్కడే కిందికి జరిపితే ఏ యాప్ ఎంత తిన్నదో లిస్టు కనపడుతుంది. అది చూడకుండా ఎవరు చెప్పిన చిట్కా అయినా ఊహే. నువ్వు తెరవని యాప్ పైన కనపడితే తీసెయ్, లేదంటే స్టార్టప్‌లోంచైనా (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే వాటంతటవే తెరుచుకునే యాప్‌ల లిస్టు) ఆపు. బ్రౌజర్ పైన ఉంటే మాత్రం తప్పు బ్రౌజర్‌ది కాదు, నువ్వు తెరిచిన ముప్పై ట్యాబులది.

ఇక బ్యాగు సంగతి. కల్వకుర్తి మీదుగా బస్సులో ఇంటికి వచ్చేసరికి ల్యాప్‌టాప్ వేడిగా ఉందని, ఛార్జింగ్ సగం పోయిందని అన్నావు. మూత వేస్తే ఆగిపోయిందని నువ్వు అనుకుంటున్నావు, కానీ అది స్లీప్‌లోకే పోతోంది. స్లీప్ అంటే ఆటో ఇంజన్ ఆపకుండా పక్కన పెట్టి చాయ్‌కి పోయినట్టు. ఈ కాలం ల్యాప్‌టాపులు చాలావరకు నిద్రలో కూడా నెట్‌కు కనెక్ట్ అయి మెయిళ్లు, అప్‌డేట్లు చూసుకుంటాయి. గాలి ఆడని బ్యాగులో ఆ వేడి ఎటూ పోదు. అందుకే కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, మూత వేస్తే ఏం చేయాలో అడిగే చోట, ఆన్ బ్యాటరీ కింద హైబర్నేట్ పెట్టు. చేస్తున్న పనంతా డిస్క్‌లో దాచి పూర్తిగా ఆగిపోతుంది. తిరిగి తెరిస్తే ఎక్కడ వదిలావో అక్కడే ఉంటుంది, కాకపోతే లేవడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది. ఆ లిస్టులో హైబర్నేట్ లేకపోతే ఫోన్ చెయ్, ఒక్క కమాండ్‌తో తెప్పిద్దాం.

సెట్టింగులన్నీ ఒక ఎత్తు, వేడి ఒక ఎత్తు. లిథియం బ్యాటరీని త్వరగా ముసలిదాన్ని చేసేది వేడే. మే నెలలో నల్లగొండలో నలభై ఐదు డిగ్రీలు దాటిన రోజులు నీకు తెలియనివా. ఎండలో ఆపిన కారులో వదలకు, రేకుల షెడ్డులో ఛార్జింగ్ పెట్టకు. మంచం మీద బొంతపై పెట్టుకొని పనిచేస్తే అడుగున గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. అప్పుడు ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంది, దానికీ కరెంటు కావాలి. కింద అట్ట ముక్క పెట్టుకున్నా చాలు.

హాస్టల్‌లో పొద్దంతా ఛార్జర్ తగిలించే ఉంచుతావు కాబట్టి నీ ల్యాప్‌టాప్ కంపెనీ యాప్‌లో 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆగే ఆప్షన్ ఉంటుంది, దాన్ని ఆన్ చెయ్. లెనోవోలో దాన్ని కన్జర్వేషన్ మోడ్ అంటారు, మిగతా కంపెనీల్లో వేరే పేర్లు. సెమినార్ ఉన్నా, ఊరికి బయల్దేరాల్సి ఉన్నా ముందు రాత్రి ఆ లిమిట్ తీసేసి నూరు దాకా ఎక్కించుకో. నెలకోసారి సున్నాకు దించాలని మీ నాన్న అంటాడు. అది పాత నికెల్ బ్యాటరీల నాటి అలవాటు, దీనికి అక్కర్లేదు. ఆయనతో వాదించకు.

ఒక్కటి మాత్రం వాయిదా వేయొద్దు. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు కనిపించినా, మూత సరిగా పడకపోయినా, అడుగు భాగం ఉబ్బినట్టున్నా బ్యాటరీ ఉబ్బిందని లెక్క. ఛార్జర్ పీకేసి ఆపెయ్, మళ్లీ ఆన్ చేయకు. గుచ్చడం, నొక్కడం లాంటివి అసలు వద్దు. అప్పుడు ఖర్చు చూడకుండా మార్చేద్దాం.

ఇవన్నీ ఇవాళే మార్చి వారం వాడు. తర్వాత మళ్లీ రిపోర్టు తీసి ఫోటో పంపు. ఈసారి వచ్చినప్పుడు ల్యాప్‌టాప్ మన షాపులో వదిలెయ్, ఫ్యాన్‌లో దుమ్ము తీసి ఇస్తాను. ఛార్జర్ మర్చిపోకు.

మీ మామ
నల్లగొండ