మీ అమ్మాయికి లేనిది శ్రద్ధ కాదు

పదో తరగతి మధ్యలో ఆగిపోయిన మీ అమ్మాయికి ఇప్పుడు 19 ఏళ్లు. మీ అత్తగారు పక్షవాతంతో మంచాన పడినప్పుడు ఇంట్లో ఒకరు ఉండక తప్పలేదనీ, ఆవిడ పోయిన తరువాత, రెండేళ్ల కిందట, జాతీయ సార్వత్రిక విద్యా సంస్థలో, అంటే ఓపెన్ స్కూల్‌లో, అమ్మాయిని పదో తరగతికి చేర్పించామనీ, మూడు సబ్జెక్టులు పాసైన పిల్ల గణితం, సైన్సు పరీక్షలకు మాత్రం వెళ్లలేదనీ రాశారు. ఓపెన్ స్కూల్ సర్టిఫికెట్‌కు విలువ ఉంటుందా అన్నది మీ మొదటి ప్రశ్న, చదువు మీద శ్రద్ధ లేని పిల్లకు ఎలా నచ్చజెప్పాలి అన్నది రెండోది.

మొదటి దానికి జవాబు చిన్నది. విలువ ఉంటుంది. అది కేంద్ర ప్రభుత్వం 1989లో ఏర్పాటు చేసిన జాతీయ స్థాయి బోర్డు. అక్కడ పదో తరగతి పూర్తిచేసిన వారు ఇంటర్‌లో చేరవచ్చు, పదో తరగతి అర్హతగా ఉన్న ఉద్యోగాలకు దరఖాస్తు చేసుకోవచ్చు. నమోదు ఐదేళ్లు చెల్లుతుంది, ఆలోగా తొమ్మిదిసార్లు పరీక్ష రాసే వీలుంది, పాసైన సబ్జెక్టులను మళ్లీ రాయనక్కరలేదు. మీ అమ్మాయికి మిగిలినవి రెండే పరీక్షలు, చేతిలో ఇంకా మూడేళ్ల గడువుంది. ఈ బెంగ ఇక్కడితో వదిలేయండి.

రెండో ప్రశ్నను మీరు అడిగిన రూపంలో నేను ఒప్పుకోలేను. మీ ఉత్తరంలో మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన రెండు వాక్యాలున్నాయి. గణితం పరీక్ష నాటి ఉదయం మీ తమ్ముడి కుటుంబం వచ్చిందనీ, వంట చేయడానికి అమ్మాయి ఆగిపోయిందనీ ఒకచోట రాశారు. సైన్సు పరీక్ష నాడు మీకు జ్వరం వస్తే దగ్గర ఉండిపోయిందని మరోచోట రాశారు. ఆ రెండు రోజుల్లో ఏదో ఒకటి మీ అబ్బాయి ఇంటర్ పరీక్ష రోజు అయి ఉంటే, వాడిని ఆపేవారా? వాడు చదువుకుంటున్నప్పుడు ఆ గదిలోకి ఎవరూ వెళ్లకుండా చూస్తామని కూడా మీరే రాశారు. అమ్మాయికి అటువంటి గది ఉన్నట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు.

పదిహేనేళ్ల వయసులో పుస్తకాలు పక్కన పెట్టి మంచంలోని నాన్నమ్మకు అన్నం తినిపించి, పక్క మార్చి, రాత్రులు మేలుకున్న పిల్లను బద్ధకస్తురాలనడం న్యాయం కాదమ్మా. ఇంటి పని చేస్తూనే మూడు సబ్జెక్టులు పాసైన పిల్లకు శ్రద్ధ లేదనడం అంతకన్నా అన్యాయం. ఇక్కడ చక్కదిద్దవలసింది ఆమె చదువుకన్నా ముందు మీకూ ఆమెకూ ఉన్న సంబంధం. అత్తగారి జబ్బు రోజుల్లో ఆమె మీకు కుడిభుజమైంది, ఆ జబ్బుతోనే తీరిపోవలసిన ఆ బాధ్యత ఆవిడ పోయిన తరువాత కూడా ఆమె మీదే మిగిలిపోయింది. ఏళ్ల తరబడి పెద్దకోడలిగా ఇంటి బరువు మోసి అలిసిపోయిన మీకు ఆ సాయం వదులుకోవడం కష్టమే, అది నాకు అర్థమవుతుంది. కానీ తల్లికి సాయపడటం కూతురి ధర్మమైతే, కూతురు వదులుకున్న దానిని తిరిగి ఆమె చేతికివ్వడం తల్లికి అంతకన్నా పెద్ద ధర్మమని నేను గట్టిగా నమ్ముతాను.

కనుక నచ్చజెప్పడం మానండి. మీ ఇంటి పెద్దాయనను, అబ్బాయిని కూర్చోబెట్టి, ఇప్పటిదాకా అమ్మాయి చేస్తున్న పనులన్నీ చెప్పి, ఎవరు ఏది తీసుకుంటారో అక్కడే తేల్చండి. ఇంటర్ చదువుతున్న కుర్రవాడు తన కంచం తాను కడుక్కుంటే చదువు చెడిపోదు. స్టడీ సెంటర్‌లో తరగతులు సాధారణంగా సెలవు రోజుల్లోనే పెడతారు, అందరూ ఇంట్లో ఉండి పని రెట్టింపయ్యేదీ ఆ రోజుల్లోనే, అందుకే ఆమె వెళ్లలేకపోయిందని నా అనుమానం. సైన్సుకు ప్రాక్టికల్స్ ఉంటాయి, వాటిని ఇంట్లో కూర్చుని నేర్చుకోలేరు. అసైన్‌మెంట్లకు 20 శాతం మార్కులుంటాయి కాబట్టి వాటి గడువు తేదీలు, పరీక్ష ఫీజు కట్టవలసిన తేదీ అమ్మాయిని అడిగి తెలుసుకుని మీరే గుర్తు పెట్టుకోండి. ఏడాదికి రెండుసార్లు పరీక్షలు జరుగుతాయి. రెండూ ఒకేసారి రాయమని తొందరపెట్టకండి, చాలాకాలంగా లెక్కలు వదిలేసిన పిల్ల కాబట్టి గణితానికి ఒక విడత పూర్తిగా కేటాయించుకుంటానంటే సరేననండి. పరీక్షలు పూర్తయ్యేదాకా పెళ్లి సంబంధాల మాట ఇంట్లో ఎత్తవద్దు.

ఇదంతా చేయడానికి ముందు, నాన్నమ్మకు ఆమె చేసిన సేవ వల్లే ఆ రోజుల్లో ఇల్లు నిలబడిందని ఆమె తండ్రి తన నోటితో, మీ అబ్బాయి వింటుండగా, ఆమెతో చెప్పాలి. ఆమె వెంటనే నమ్మకపోవచ్చు. మొదటి కొన్ని ఆదివారాలు మీ ముఖంలోని అలసట చూసి, ఈ వారం క్లాసుకు వెళ్లనులే అమ్మా అంటుంది. అప్పుడు సంతోషపడి ఊరుకోకుండా, చేతిలో పని ఎక్కడిదక్కడ ఆపించి ఆమెను పంపించవలసింది మీరే.