హెల్మెట్ కోసం భార్య నగలు తాకట్టు పెట్టొద్దు, ముందు ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టండి

ప్రశ్న: నాకు 36 ఏళ్ళు, సొంతూరు వైజాగ్, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్. చేతికి 1,15,000 వస్తుంది. భార్య, నాలుగేళ్ళ పాప, ఊళ్ళో అమ్మానాన్న. 2011లో ఫ్రెండ్స్‌తో కలిసి బుద్ధ్ సర్క్యూట్‌కి ఫార్ములా వన్ చూడ్డానికి వెళ్ళినప్పటి నుంచి రేసింగ్ వస్తువులు కలెక్ట్ చేస్తున్నాను. డైకాస్ట్ మోడల్స్ (లోహంతో చేసిన చిన్న కార్ల నమూనాలు), సంతకాల క్యాప్‌లు, డ్రైవర్ వేసుకున్న ఒక రేస్ సూట్ ఉన్నాయి, అన్నీ కలిపి 9 లక్షలు ఉంటుందని నా అంచనా. సూట్ కోసం తీసుకున్న 3 లక్షల పర్సనల్ లోన్‌కి ఇంకా రెండున్నరేళ్ళు ఈఎంఐ కట్టాలి, క్రెడిట్ కార్డులో 1,40,000 ఉంది, మినిమమ్ డ్యూ కడుతున్నాను. ఇప్పుడు 90ల నాటి ఒక ఛాంపియన్ హెల్మెట్ 6 లక్షలకి వస్తోంది, సెల్లర్‌కి 25 వేలు అడ్వాన్స్ ఇచ్చాను. మిగతాది భార్య నగల మీద గోల్డ్ లోన్ తీసుకుందామనుకుంటున్నాను. సేవింగ్స్‌లో 40 వేలే ఉన్నా, ఫార్ములా వన్ ఛాంపియన్ షూమాకర్ నడిపిన ఫెరారీ రేటు ఎలా పెరిగిందో చూశాం, అర్జెంట్ అయితే కలెక్షన్ అమ్మేయొచ్చు కదా. నాన్నగారి పాత రాజ్‌దూత్ 350 బైక్ రీస్టోర్ చేయించాలని, పాప చదువుకి నెలనెలా ఇండెక్స్ ఫండ్ సిప్ కట్టాలని కూడా ఉంది. నా ప్లాన్ కరెక్టేనా?

జవాబు: కరెక్ట్ కాదండీ. హెల్మెట్ మంచిదా కాదా అన్న విషయానికి తర్వాత వస్తాను, ముందు మీ ఉత్తరంలో చివర్లో రాసిన ఆ ఒక్క మాట గురించి మాట్లాడదాం, "అర్జెంట్ అయితే అమ్మేయొచ్చు కదా" అన్నది. వాచీలు కొనేవాళ్ళూ, పాత నాణేలు కొనేవాళ్ళూ, ఊరి బయట ప్లాట్లు కొనేవాళ్ళూ అందరూ ఇదే మాట రాస్తున్నారు, అందుకే ఇన్ని ఉత్తరాల్లో మీదానికి జవాబు రాస్తున్నాను.

అమ్మడం అంటే ఏంటో ఒకసారి నిజంగా ఊహించుకోండి. రాత్రి పదకొండింటికి వైజాగ్ నుంచి ఫోన్, నాన్నగారిని హాస్పిటల్లో చేర్చారు, పొద్దున్నకల్లా లక్షన్నర కట్టమంటున్నారు. ఆ రేస్ సూట్ ఎవరికి అమ్ముతారు? మన దగ్గర ఇలాంటివి కొనేవాళ్ళు చాలా తక్కువ, ఎక్కువ మంది చిన్న సైజ్ హాట్ వీల్స్ బొమ్మ కార్ల దగ్గర ఆగిపోతారు, లక్షల్లో పెట్టేవాళ్ళు ఒకరికొకరు తెలిసిన కొద్దిమందే. మీకు అర్జెంట్ అని తెలిసిన క్షణం నుంచి వాళ్ళు చెప్పే రేటు పడిపోతూనే ఉంటుంది. విదేశీ ఆక్షన్‌కి పంపిద్దామా అంటే వస్తువు కొన్ని నెలల ముందే అక్కడ ఉండాలి, వాళ్ళు చెక్ చేయాలి, క్యాటలాగ్‌లో పెట్టాలి, అమ్ముడుపోయాక కమిషన్ కోసుకుని డబ్బులు ఇవ్వడానికి మళ్ళీ వారాలు, అదీ అమ్ముడుపోతే! హాస్పిటల్ బిల్లింగ్ కౌంటర్ అన్నాళ్ళు ఆగదు.

మీ 9 లక్షలు మీరు కొన్న రేట్లు కలిపి వేసిన లెక్క. ఈ రోజు ఎవరైనా చేతిలో పెట్టే డబ్బు ఎంత అన్నది వేరే లెక్క, అది మీ దగ్గర లేదు. మీరు ఉత్తరంలో షూమాకర్ ఫెరారీ ఉదాహరణ కూడా ఇచ్చారు, అది నిజమే, 2001లో మొనాకో, హంగేరీ రేసులు గెలిచిన ఆ కారు 2017లో న్యూయార్క్‌లో 75 లక్షల డాలర్లకి పోయింది, 2025లో దాదాపు 1.6 కోట్ల యూరోలకి మళ్ళీ చేతులు మారింది. కానీ ఆ కారుకి ఛాసిస్ నంబర్ ఉంది, ఏ రోజు ఏ రేసులో ఎవరు నడిపారో రికార్డు ఉంది, ప్రపంచం మొత్తంలో అలాంటిది ఒకటే ఉంది. మీకు హెల్మెట్ అమ్ముతున్న ఆయన చూపించేది తనే ప్రింట్ చేసుకున్న సర్టిఫికెట్. ఏ రేసులో వేసుకున్నదో ఫొటోతో గీతకి గీత, గీరుకి గీరు సరిపోల్చి చూశారా? టీమ్ నుంచి గానీ హెల్మెట్ కంపెనీ నుంచి గానీ కాగితం ఉందా? ఇవేవీ లేకుండా 6 లక్షలు పెట్టడం నాకైతే అస్సలు మింగుడుపడటం లేదు, సంతకాలు దొంగవి చేసేవాళ్ళు ఈ ఫీల్డ్‌లో కొల్లలు.

ఇప్పుడు అప్పు సంగతి. మన ఊళ్ళల్లో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటేనే పెద్దవాళ్ళు ఆలోచిస్తారు, మూడు రూపాయలంటే గడప తొక్కరు. మీ కార్డు వాడు తీసుకునేది నూటికి మూడున్నర రూపాయలు, కొన్ని కార్డులు ఇంకా ఎక్కువ, దాని మీద మళ్ళీ జీఎస్టీ. 1,40,000 మీద నెలకి వడ్డీ 4,900, జీఎస్టీ 880 దాకా, అంటే మీరు మినిమమ్ డ్యూ అని 7 వేలు కడితే అసల్లోంచి తగ్గేది పన్నెండు వందలు. అంతే! యాప్‌లో "పేమెంట్ సక్సెస్‌ఫుల్" అని వస్తుంది కాబట్టి కడుతున్నామన్న ఫీలింగ్ ఉంటుంది, అప్పు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పైగా బ్యాలెన్స్ ఉన్న కార్డు మీద కొత్తగా ఏం గీకినా దానికి ఆ రోజు నుంచే వడ్డీ మొదలు, అంటే మీ ఇంటి సరుకులు కూడా మీరు మూడున్నర రూపాయల వడ్డీకి కొంటున్నారు.

గోల్డ్ లోన్ వడ్డీ దీనికంటే చాలా తక్కువ, నిజమే. నా భయం వడ్డీ గురించి కాదండీ. ఆ నగలు మీ ఇంట్లో ఉన్న చివరి తలుపు. ఉద్యోగం పోతే, హాస్పిటల్ వస్తే, బ్యాంకుకెళ్ళి ఒక గంటలో డబ్బు తెచ్చుకోగలిగిన వస్తువు మీ ఇంట్లో అదొక్కటే, రేస్ సూట్ తీసుకెళ్తే ఏ బ్యాంకూ లోన్ ఇవ్వదు. ఆ నగలు హెల్మెట్ కోసం లోపలికి వెళ్ళిపోయాక అవసరం వస్తే మీరు ఎక్కడికి వెళ్తారు? లోన్ యాప్‌ల దగ్గరికా? ఇంకో మాట, అవి ఆవిడ నగలు. ఆవిడని అడిగారో లేదో మీరు రాయలేదు. సేవింగ్స్‌లో 40 వేలే ఉన్నాయని ఆవిడకి తెలుసా? ఈ రోజు రాత్రి ఇద్దరూ కూర్చుని లోన్ స్టేట్‌మెంట్, కార్డు స్టేట్‌మెంట్ రెండూ ఓపెన్ చేసి చూసుకోండి.

మీరు పంపిన లెక్క ప్రకారం అద్దె, సరుకులు, పాప స్కూలు, ఊరికి పంపేది అన్నీ కలిపి 65 వేలు, లోన్ ఈఎంఐ 10,250. అంటే జీతం ఆగిపోయినా నెలకి 75 వేలు బయటికి పోవాల్సిందే, మీ దగ్గరున్న 40 వేలు పదహారు రోజులు వస్తుంది. మీ ఇంట్లో సంపాదించేది మీరొక్కరే, ఫీల్డ్ సాఫ్ట్‌వేర్, ఈమధ్య ఒక ప్రాజెక్ట్ అయిపోయాక ఇంకోటి దొరకడానికి ఎన్ని నెలలు పడుతుందో మీ ఆఫీసులోనే చూసి ఉంటారు. ఆరు నెలల ఖర్చు, అంటే నాలుగున్నర లక్షలు, ముట్టుకోకుండా పక్కన ఉండాలి. ఇది అయ్యేవరకు ఒక్క కీచైన్ కూడా కొనొద్దు, ఈ విషయంలో నేను బేరానికి రాను.

ఎలా అంటారా, మీకు దారి ఉంది, అదే నాకు బాధ. ఖర్చులు, ఈఎంఐ, కార్డు మినిమమ్ అన్నీ పోగా నెలకి 32 వేల పైన మిగులుతోంది, అదంతా కలెక్షన్‌లోకి పోతోంది. కొనడం ఆపి ఆ 32 వేలు, ఆ 7 వేలు కలిపి కార్డుకే కడితే నాలుగు నెలల్లో కార్డు క్లియర్. ఆ నాలుగు నెలలూ కార్డు డ్రాయర్లో పెట్టేయండి, సరుకులు కూడా డెబిట్ కార్డుతోనే. తర్వాత అదే 39 వేలు నెలనెలా ఎమర్జెన్సీ ఫండ్‌లోకి, ఇంకో పది పదకొండు నెలల్లో నాలుగున్నర లక్షలు నిండుతుంది. సగం స్వీప్ ఇన్ ఎఫ్‌డీలో (అవసరమైతే దానంతటదే అకౌంట్‌లోకి వచ్చే ఫిక్స్‌డ్ డిపాజిట్), సగం లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా వెనక్కి తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్) పెట్టండి, జీతం పడే అకౌంట్‌లో మాత్రం వద్దు, కనపడితే ఖర్చవుతుంది. పదిహేను నెలలు ఆగలేననుకుంటే డూప్లికేట్ డైకాస్ట్‌లు, బాక్స్ కూడా తీయని మోడల్స్ ఇప్పుడే అమ్మండి, అర్జెంట్ లేనప్పుడు అమ్మితేనే రేటు వస్తుంది. సూట్‌కి కొన్న రేటుకి దగ్గరగా ఎవరైనా ఇస్తే అదీ ఇచ్చేసి లోన్ క్లోజ్ చేయండి, ప్రీ క్లోజర్ ఛార్జీ ఎంతో ముందు కనుక్కోండి.

2011 రేస్ టికెట్, ఆ ప్రోగ్రామ్ బుక్, నారాయణ్ కార్తికేయన్ సంతకం ఉన్న జోర్డాన్ టీమ్ క్యాప్, వీటిని అమ్మమని నేను చెప్పను. మన దేశం నుంచి ఫార్ములా వన్‌లో నడిపిన మొదటి మనిషి ఆయన, 2005లో జోర్డాన్‌కి నడిపారు, మన గడ్డ మీద మొదటి రేసు జరిగిన రోజు మీరు స్టాండ్స్‌లో ఉన్నారు. వాటి మీద అప్పు లేదు, హాయిగా ఉంచుకోండి, ఎండ తగలని చోట పెట్టండి. కలెక్షన్ చేయడం తప్పని నేను ఎక్కడా అనడం లేదు. ఫండ్ నిండాక నెలకి ఒక అమౌంట్ అనుకుని చేతిలో ఉన్న డబ్బుతో కొనుక్కోండి, ఎవరూ అడగరు.

మిగతావి క్లుప్తంగా చెప్తాను. కంపెనీ హెల్త్ పాలసీ ఉద్యోగంతోనే పోతుంది, మీ ముగ్గురికీ సొంతంగా ఒక ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంట్లో అందరికీ కలిపి ఒకే హెల్త్ పాలసీ), మీ పేరు మీద కోటిన్నర టర్మ్ ప్లాన్ (మీకేమైనా అయితే ఇంటికి డబ్బు వచ్చే పాలసీ) ఈ నెలలోనే తీసుకోండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి వాటి మీద జీఎస్టీ కూడా లేదు, ఆ ప్రీమియం వల్ల పైన చెప్పిన లెక్క ఒకటి రెండు నెలలు వెనక్కి పోయినా పర్లేదు. అమ్మానాన్నలకి విడిగా చూడాలి. హోమ్ ఇన్సూరెన్స్‌లో ఇలాంటి కలెక్షన్ దానంతటదే కవర్ అవుతుందనుకోవద్దు, విలువ కట్టించి విడిగా రాయించాలి, హుద్‌హుద్ తుఫాను చూసిన ఊరివాళ్ళు మీరు, మీకు నేను చెప్పక్కర్లేదు. నాన్నగారి రాజ్‌దూత్ 350 అక్కడే ఉండనివ్వండి, సముద్రపు గాలికి తుప్పు పట్టకుండా చూసుకుంటే చాలు, ఇప్పుడు రీస్టోరేషన్ జోలికి వెళ్ళొద్దు. పాప చదువు కోసం ఇండెక్స్ ఫండ్ సిప్ అన్నారు, మంచిదే, ఎమర్జెన్సీ ఫండ్ నిండాక.

సెల్లర్‌కి ఇచ్చిన 25 వేలు తిరిగివ్వమని ఈ రోజే మెసేజ్ పెట్టండి, రాతలో ఉండాలి, ఫోన్‌లో మాట్లాడి వదిలేయొద్దు. ఇవ్వనంటే ఆ డబ్బు వదులుకోండి. అడ్వాన్స్ పోతుందని మిగతా 5,75,000 కట్టేసిన వాళ్ళని చూశాను, దయచేసి మీరు ఆ పని చేయొద్దు.