మూత తెరిచే ముందు: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి,

మావయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసి, లాప్‌టాప్‌లో వైఫై కార్డును నీ చేత్తోనే మార్చుకుంటానని నువ్వు పట్టుబట్టావనీ, చిన్న స్క్రూడ్రైవర్ల సెట్టు అప్పుడే ఇంటికి వచ్చేసిందనీ, కార్డు కోసం వెతుకుతున్నావనీ, ఆదివారం ముహూర్తం పెట్టుకున్నావనీ చెప్పింది. చెల్లాయి గొంతులో కంగారు వినబడింది. నాకు ముందు నవ్వు వచ్చింది, తరువాత గర్వం కలిగింది, పడుకున్నాక భయం వేసింది. ఐదేళ్ల వయసులో నా టెస్ట్ ఫోనును భుజాన వేలాడదీసుకుని, పెరట్లో బట్టలు ఆరేసే తీగను పట్టుకుని "డయల్ టోను వస్తోందా అండీ" అని కొబ్బరి చెట్టును అడిగిన పిల్లవు నువ్వు. ఇవన్నీ ఫోనులో చెబితే "సరే మావయ్యా" అంటావు గానీ వినవు కనుక ఉత్తరం రాస్తున్నాను.

నేను 1983లో టెలిఫోను శాఖలో లైన్‌మన్‌గా చేరి, 2000 అక్టోబరులో ఆ శాఖ పని బీఎస్ఎన్ఎల్ చేతికి వచ్చాక కూడా అదే నిచ్చెన మోసి, 2020 జనవరి 31న వీఆర్ఎస్ మీద, అంటే స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుని, దిగిపోయిన 78 వేల పైచిలుకు మందిలో ఒకణ్ణి. కంప్యూటర్ల గురించి నీకు తెలిసినంత నాకు తెలియదు. కానీ వచ్చి పోయే ఫాల్టు ఎలా ఏడిపిస్తుందో నాకు బాగా తెలుసు. పూర్తిగా చచ్చిపోయిన లైనును పట్టుకోవడం సులువు. కాగితం చుట్టిన పాత కేబుళ్లలో జాయింటు దగ్గర తేమ చేరితే, వాన పడుతున్నంతసేపూ గరగరమని, ఎండ కాసి మేము సైకిలు మీద చేరేసరికి గంటలా పలికేది. గంటకు రెండుసార్లు తెగిపోయి, మళ్లీ తనంతట తానే అతుక్కుని, మీటింగు ఉన్నప్పుడే మొండికేసే నీ వైఫై కూడా ఆ కోవలోదే.

అలాంటి ఫాల్టుకు మా దగ్గర ఒకే పద్ధతి ఉండేది. వీధి కేబులు నుంచి ఇళ్లకు తీగలు విడిపోయే డీపీ బాక్సు దగ్గర ఇంటి వైపు తీగ విప్పి, ఎక్స్‌ఛేంజి వైపు తీగకు టెస్ట్ ఫోను తగిలించి వినేవాళ్లం. డయల్ టోను శుభ్రంగా ఉంటే తప్పు ఇంటి వైపు ఉందని, లేకపోతే మా వైపు ఉందని తేలిపోయేది. 1996 నవంబరు 6 తుపానుకు కోనసీమ అంతా చెట్లూ స్తంభాలూ ఒకదాని మీద ఒకటి పడిపోయినప్పుడు కూడా, లైనును ఇలా సగానికి సగం విడగొట్టుకుంటూ పోయే నెలల తరబడి పని చేశాం. నువ్వు కూడా స్క్రూడ్రైవరు ముట్టుకునే ముందు ఈ పని చెయ్యి. రెండు కమాండ్ ప్రాంప్టులు తెరిచి, ఒకదానిలో మీ రూటరు చిరునామాకు, రెండో దానిలో బయట గూగుల్ వాళ్ల చిరునామా అయిన 8.8.8.8కు ఆగకుండా పింగ్, అంటే "ఉన్నావా" అనే పిలుపు, పంపుతూ ఉంచు. రూటరు చిరునామా తెలియకపోతే ఐపీకాన్ఫిగ్ కొట్టు, డిఫాల్ట్ గేట్‌వే ఎదురుగా ఉంటుంది. వైఫై పోయిందని నీకు అనిపించిన క్షణంలో రూటరు జవాబిస్తూ, బయటి చిరునామా మాత్రమే మూగబోతే తప్పు నీ లాప్‌టాప్‌లో లేదు, నెట్ ఇచ్చేవాడికి ఫోను చెయ్యి. రెండూ ఒకేసారి మూగబోతే తప్పు నీకూ రూటరుకూ మధ్య ఉంది. అదే గదిలో, అదే సమయంలో మీ అమ్మ ఫోను ఆ వైఫై మీద నిక్షేపంగా పనిచేస్తుంటే వేలు లాప్‌టాప్ వైపే చూపించాలి. లాప్‌టాప్‌ను ఒక పూట ఫోను హాట్‌స్పాట్ మీద నడిపి, అక్కడ కూడా తెగుతోందేమో చూస్తే అనుమానం ఇంకా గట్టిపడుతుంది.

రూటరు ఆపి వెయ్యడం, ఏరోప్లేన్ మోడ్ చూడడం, నెట్‌వర్క్‌ను మరిచిపోమని చెప్పి పాస్‌వర్డు మళ్లీ కొట్టడం నువ్వు చేసే ఉంటావు, వాటిని వదిలేస్తున్నాను. షట్‌డౌన్ చేయడం, రీస్టార్ట్ చేయడం ఒకటి కాదని మాత్రం గుర్తు పెట్టుకో. ఫాస్ట్ స్టార్టప్ ఉన్నప్పుడు షట్‌డౌన్ సగం నిద్ర లాంటిది, రీస్టార్ట్ చేస్తేనే డ్రైవరు, అంటే కార్డును నడిపించే సాఫ్ట్‌వేరు, మొదటి నుంచి లేస్తుంది.

డివైస్ మేనేజరులో నెట్‌వర్క్ అడాప్టర్ల కింద నీ కార్డు పేరు చూడు. కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అనే గడిలో టిక్కు ఉంటే తీసెయ్యి. నిద్ర నుంచి లేచాక వైఫై రాకపోవడానికి చాలాసార్లు అదే కారణం. విండోస్ అప్‌డేట్ తరువాతే ఈ బాధ మొదలైతే రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కి పాత డ్రైవరుకు వెనక్కి వెళ్లు. డ్రైవరు చెడితే చాలాసార్లు కార్డు పేరు పక్కన పసుపు గుర్తు పడుతుంది, లేదా కోడ్ 10 అని చూపిస్తుంది. పేరే మాయమైపోయి, విండోస్ కన్నా ముందు లేచే బయోస్ సెట్టింగుల్లో వైర్‌లెస్ ఆపి కూడా లేకపోతే, అప్పుడు కార్డునో దాని సాకెట్టునో అనుమానించాలి. అన్‌ఇన్‌స్టాల్ అనే మాట దగ్గర మాత్రం ఆగు. అక్కడ నేను చేసిన తప్పు నీకు ఎప్పుడూ చెప్పలేదు, మీ అత్తయ్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

తొమ్మిది పదేళ్ల కిందటి మాట. మా వీధి చివరింటి అమ్మాయికి ఎంసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి అది ఆఖరి రోజు. వాళ్ల లాప్‌టాప్‌లో వైఫై పదేపదే తెగిపోతోందని, టెలిఫోను వారు కదా అని నన్ను పిలిచారు. సాయంత్రం ఆరు గంటలకు వెళ్లి కుర్చీలో కూర్చున్నాను. ఆ కుర్చీ చుట్టూ ఇంటిల్లిపాదీ నిలబడి చూస్తుంటే, నాకు తెలియదు అనే మాట నా నోట రాలేదు. రూటరు వైపా, లాప్‌టాప్ వైపా అని ముప్ఫై ఏళ్లు స్తంభాల మీద వేసుకున్న ప్రశ్నను ఆ గదిలో వేసుకోలేదు. డ్రైవరు పాడయిందని తీర్పు చెప్పి, అన్‌ఇన్‌స్టాల్ నొక్కి, డ్రైవరు సాఫ్ట్‌వేరును కూడా తొలగించు అనే గడిలో టిక్కు పెట్టి, రీస్టార్ట్ చేశాను. అది విండోస్ 7. ఆ కార్డుకు తగిన డ్రైవరు దానిలో సొంతంగా లేదు. అంతవరకు వచ్చి పోతున్న వైఫై పూర్తిగా పోయింది. డ్రైవరు దింపుకుందామంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవరు కావాలి. లాన్ తీగ పెడదామంటే ఆ పల్చటి లాప్‌టాప్‌కు ఆ రంధ్రమే లేదు. ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ ఆన్ చేస్తే వైఫై డ్రైవరు లేకుండానే నెట్ వస్తుందని అప్పటికి నాకు తెలియదు.

అక్కడితో ఆగినా బాగుండేది. చేతులు ఊరుకోక, కార్డును ఒకసారి ఊడదీసి పెడితే సర్దుకుంటుందని వెనుక మూత విప్పాను. కార్డు మీద బియ్యపు గింజ కన్నా చిన్న గుండీలతో రెండు యాంటెన్నా తీగలు తగిలించి ఉంటాయి. టెలిఫోను తీగను లాగిన చేత్తో దాన్ని తీగ పట్టుకుని లాగాను. గుండీతో పాటు కార్డు మీది రేకు కూడా ఊడి వచ్చింది. బయట వాన, కరెంటు వస్తూ పోతూ ఉంది. వాళ్ల నాన్న ఆ పిల్లను బండి మీద ఎక్కించుకుని అమలాపురం నెట్ సెంటరుకు పరుగెత్తితే, అక్కడ కూడా లైను లేదు. చివరికి రాత్రి ఒక బంధువుల ఫోనులో, ఆ చిన్న తెర మీద, గుర్తున్నంతవరకు ఆప్షన్లు పెట్టి వచ్చారు. వరస అటూ ఇటూ అయింది. దగ్గరి కాలేజీలో రావలసిన సీటు ఎక్కడో దూరాన వచ్చింది. ఆ పిల్ల ఇప్పుడు మంచి ఉద్యోగంలోనే ఉంది, పండక్కి వచ్చినప్పుడు నన్ను అంకుల్ అని ఆప్యాయంగానే పలకరిస్తుంది. ఆమె పలకరించిన ప్రతిసారీ నాకు ఆ టిక్కు గడి కళ్ల ముందు కనబడుతుంది.

అసలు సంగతి తరువాత తెలిసింది. బాగుచేయించడానికి తీసుకువెళితే, డ్రైవరులో ఏ లోపమూ లేదని, తెర కీలు దగ్గర యాంటెన్నా తీగ నలిగిపోయిందని మెకానిక్కు చూపించాడు. యాంటెన్నాలు సాధారణంగా తెర మూతలో ఉంటాయి. ఆ తీగలు కీలు గుండా కిందికి దిగి కార్డుకు చేరతాయి. ఆ సాయంత్రం మూతను నాలుగు వేళ్ల మేర వెనక్కి వంచి ఉంటే సిగ్నల్ నిలబడి ఉండేదేమో. నాకు పని నేర్పిన లైన్ ఇన్‌స్పెక్టరు గారు, కొత్త పెయిరు (లైనుకు వాడే తీగల జత) మీద డయల్ టోను చెవితో వినేదాకా పాత పెయిరును కొయ్యవద్దని మొదటి వారంలోనే చెప్పారు. ఆ మాట నేను కేబులుకే అనుకున్నాను.

అందుచేత అమ్మడూ, నీ లాప్‌టాప్ మోడల్ నంబరు చూసి, తయారుచేసిన కంపెనీ సైటులో దానికే ఇచ్చిన వైర్‌లెస్ డ్రైవరును ఇప్పుడే, వైఫై పనిచేస్తున్నప్పుడే దింపి పెన్‌డ్రైవులో పెట్టుకో. డ్రైవర్లన్నీ వెతికి పెడతామనే ఉచిత సాఫ్ట్‌వేర్ల జోలికి పోవద్దు. ఫోనుతో యూఎస్‌బీ టెథరింగ్ నీ లాప్‌టాప్‌లో పనిచేస్తుందని ఒకసారి కళ్లారా చూసుకో. ఈ రెండూ అయ్యాకే డ్రైవరు మీద చెయ్యి వెయ్యి. తరువాత సిగ్నల్ గుర్తును చూస్తూ తెరను మెల్లగా ముందుకూ వెనక్కూ వంచు. గీతలు పెరిగి తరుగుతుంటే కార్డు మార్చినా ప్రయోజనం ఉండదు, తీగ సంగతి చూడాలి. ఏమీ తేడా లేకపోతే చిన్న యూఎస్‌బీ వైఫై డాంగిల్ పెట్టి రెండు రోజులు నడుపు. డాంగిల్ మీద ఒక్కసారి కూడా తెగకుండా, లోపలి కార్డు మీద మాత్రమే తెగుతూ ఉంటే, డ్రైవరు మార్చి కూడా చూశావు కనుక, కార్డు పోయిందని అప్పుడు నమ్ము.

కార్డు కొనే ముందు మరొక తిరకాసు ఉంది. అన్ని కార్డులూ అన్నిటికీ సరిపోవు. ఈనాటి కార్డులు ఎక్కువగా 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 మిల్లీమీటర్ల పొడవు ఉండే ఎం.2 రకానివి, కనుక చూడడానికి ఒకేలా ఉంటాయి. కానీ ఇంటెల్ ఏఎక్స్200 మామూలు పీసీఐ ఎక్స్‌ప్రెస్ మీద నడుస్తుంది, ఏఎక్స్201 మాత్రం తగిన ఇంటెల్ ప్రాసెసరు ఉన్న చోటనే నడుస్తుంది, ఎందుకంటే దాని పనిలో కొంత భాగం ప్రాసెసరు వైపే ఉంటుంది. ఏఎక్స్210కీ 211కీ మధ్య కూడా అదే తేడా. ఒక్క అంకె పొరపాటున చూస్తే డబ్బు గోదావరి పాలు. కొన్ని పల్చటి లాప్‌టాప్‌లలో కార్డే ఉండదు, చిప్పును బోర్డుకే అతికించేస్తారు. కొన్ని పాతవాటిలో కంపెనీ ఒప్పుకున్న కార్డు కాకపోతే బయోస్ మొరాయిస్తుంది. నీ మోడల్ సర్వీసు మాన్యువల్ చదివాకే ఆర్డరు పెట్టు. వాడిన కార్డు చవకగా వస్తోందని మాత్రం కొనకు, ఉప్పు గాలికి పట్టిన చిలుము దాని మీద ఎన్నేళ్లదో మనకు తెలియదు.

విప్పే పని ఎలాగో వీడియోలో నా కన్నా బాగా చూపిస్తారు. నా భయాలు రెండే. చార్జరు తీసి, మూత విప్పగానే ముందు బ్యాటరీ కనెక్టరు ఊడదీసి, ఆ తరువాతే మరి దేన్నయినా ముట్టుకో. మా టెలిఫోను లైనులో ఉండేది 48 వోల్టులే అయినా, రింగు వచ్చే వేళకు తీగ పట్టుకుంటే చెయ్యి జివ్వుమనేది. లాప్‌టాప్ బ్యాటరీ అలా జివ్వుమని హెచ్చరించదు, స్క్రూడ్రైవరు జారితే తిన్నగా బోర్డును కాల్చేస్తుంది. రెండోది ఆ గుండీలు. వాటిని తీగతో లాగకు, కింది నుంచి గోటితో గానీ ప్లాస్టిక్ పుల్లతో గానీ నిటారుగా పైకి లేపు. పెట్టేటప్పుడు సరిగ్గా మధ్యలో ఆనించి, టక్కుమని వినబడేలా వేలితో నొక్కు. ఊరికే తీసి పెడుతూ ఉంటే వదులైపోతాయి. ఏ తీగ ఏ గుండీకి ఉందో ముందే ఫోటో తీసుకో. పాత కార్డును ఒకసారి ఊడదీసి, దాని బంగారు రంగు పళ్లను రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి తిరిగి పెట్టి చూడు. మన తేమకు, మన ఉప్పు గాలికి, కొత్తది కొనకుండానే అంతటితో సరిపోయినా నేను ఆశ్చర్యపోను.

మీటింగు ఉన్న రోజు ముందు సాయంత్రం మాత్రం ఈ పని పెట్టుకోకు. కరెంటు పోయే రోజు కూడా వద్దు. ఆదివారం పొద్దున్నే చించినాడ వంతెన మీదుగా మీ తమ్ముడు పాలకొల్లు వస్తున్నాడు, వాడి చేతికి నా డాంగిల్ ఇచ్చి పంపుతున్నాను. నేను కూడా రావచ్చు గానీ, వస్తే నా చేతులు ఊరుకోవు. నువ్వే చెయ్యి. మూత బిగించాక స్క్రూలు లెక్కపెట్టుకుని నాకు ఫోను చెయ్యి, సిమ్ మీద కాదు, ఆ వైఫై మీదే చెయ్యి.

ఇట్లు,
మావయ్య