కాటా తూకం కంప్యూటర్‌కి ఎక్కాలంటే: సీరియల్ పోర్టుపై పాఠకుల ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం పాత కంప్యూటర్లలో తేలికపాటి లైనక్స్ వేసి, దానికి సీరియల్ పోర్టు (డేటాను ఒక్కో బిట్టుగా పంపే పాత తరహా సాకెట్) ద్వారా కాటాలు కలపడం గురించే. జవాబుల్లో కమాండ్లను పలికే తీరులో రాశాం. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలే వాడాలి, అదీ చిన్నబడివి. పెద్దబడి అవసరమైన చోట విడిగా చెప్పాం.

ప్రశ్న: 1 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో యాంటీఎక్స్ వేశాం. జీడిపిక్కల బస్తాలు తూచే కాటాకి యూఎస్‌బీ–సీరియల్ కేబుల్ తగిలించాం. కేబుల్‌తో ఇచ్చిన సీడీలో లైనక్స్ డ్రైవర్ ఉంది కానీ, కంపైల్ చేస్తే అన్నీ ఎర్రర్లే. ఏం చెయ్యాలండి? (పలాస)

జవాబు: ఆ సీడీ పక్కన పెట్టేయండి. అందులోది ఎప్పటిదో పాత కెర్నల్‌కి (లైనక్స్ మూల ప్రోగ్రామ్‌కి) రాసిన కోడ్, అందుకే మీ కెర్నల్ మీద కంపైల్ కావడం లేదు. బజారులో దొరికే కేబుళ్లలో దాదాపు అన్నిటికీ డ్రైవర్ కెర్నల్‌తోనే వస్తుంది. కాబట్టి డ్రైవర్ కోసం వెతకకండి, పని ఏ మెట్టు దగ్గర ఆగిందో చూడండి.

మొదట కేబుల్ గుచ్చి ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ కొట్టండి. 0403:6001 కనిపిస్తే ఎఫ్‌టీడీఐ చిప్పు, దాని మాడ్యూల్ (కెర్నల్‌తో వచ్చే డ్రైవర్ ముక్క) ఎఫ్‌టీడీఐ_ఎస్ఐవో. 1ఎ86:7523 అయితే సీహెచ్340, మాడ్యూల్ పేరు మాత్రం సీహెచ్341. 10సి4:ఈఎ60 అయితే సీపీ2102, మాడ్యూల్ సీపీ210ఎక్స్. 067బి:2303 అయితే పీఎల్2303, మాడ్యూల్‌ది కూడా అదే పేరు. ఆ కమాండ్ చూపించే జాబితాలో కేబుల్ జాడే లేకపోతే ఏ డ్రైవర్ వేసినా లాభం లేదు. వేరే సాకెట్‌లో, వీలైతే వేరే కంప్యూటర్‌లో గుచ్చి చూడండి.

రెండోది, ‘సుడో డి-ఎం-ఈ-ఎస్-జి’ కొట్టి, కెర్నల్ రాసిన సందేశాల చివరి వరుసలు చదవండి. సుడో అంటే ఆ కమాండ్‌ని అడ్మిన్ అధికారంతో నడపమని. టీటీవైయూఎస్‌బీ0కి (లైనక్స్ ఆ పోర్టుకి పెట్టే పేరు) అతుక్కుందని అక్కడ ఉండాలి. ఆ పేరులో టీటీవై చిన్నబడి, యూఎస్‌బీ పెద్దబడి. ఎర్రర్ మైనస్ 71 పదే పదే వస్తుంటే కేబుల్, సాకెట్ లేదా కరెంటు సరఫరా లోపం. ఏమీ రాకపోతే, మాడ్యూల్‌ని ఎక్కించడానికి ‘సుడో మోడ్‌ప్రోబ్ సీహెచ్341’ అని మీ మాడ్యూల్ పేరుతో కొట్టండి. మాడ్యూల్ దొరకలేదంటే, ఈమధ్య కెర్నల్ అప్‌డేట్ చేసి రీబూట్ చెయ్యలేదేమో చూసుకోండి. నడుస్తున్న కెర్నల్ మాడ్యూళ్లు అప్పటికే తీసేసి ఉంటే ఈ మాటే వస్తుంది.

మూడోది అనుమతి. పోర్టు ఉండి ‘పర్మిషన్ డినైడ్’ అంటే మీ యూజర్‌ని డయలౌట్ గ్రూపులో చేర్చాలి: ‘సుడో యూజర్‌మాడ్ -ఎజి డయలౌట్’, ఆ తర్వాత యూజర్ పేరు. ఇందులో ఎ చిన్నబడి, జి పెద్దబడి. ఆ ఎ మరిచిపోతే మిగతా గ్రూపులన్నీ పోతాయి, సుడో కూడా వాటితోపాటే పోవచ్చు. చేర్చాక లాగవుట్ అయి మళ్లీ లోపలికి వస్తేనే పనిచేస్తుంది. చాలామంది పోర్టుకే సీహెచ్‌మాడ్ 666 ఇచ్చి ఊరుకుంటారు. కేబుల్ ఒకసారి తీసి పెడితే అది పోతుంది.

కాటాకి కలిపే ముందు కేబుల్‌ని విడిగా పరీక్షించండి. 9 పిన్నుల కొసలో 2, 3 పిన్నులను చిన్న తీగతో కలిపి, సీరియల్ పోర్టు డేటా చూపే పికోకామ్ ప్రోగ్రామ్‌ని ‘పికోకామ్ -బి 9600 /డెవ్/టీటీవైయూఎస్‌బీ0’ తెరిచి ఏదైనా టైపు చెయ్యండి. కొట్టిన అక్షరం తెర మీద కనిపిస్తే కంప్యూటర్, డ్రైవర్, కేబుల్ మూడూ బాగున్నట్టే. కంట్రోల్-ఎ, కంట్రోల్-ఎక్స్ కొడితే బయటికొస్తారు. ఇక్కడ అక్షరాలు వచ్చి కాటా నుంచి మాత్రం ఏమీ రాకపోతే, 2, 3 తీగలు అటూ ఇటూ మారాలి, 5 నంబరు గ్రౌండ్ నేరుగా 5కే పోవాలి. కాటా మెనూలో తూకం నిరంతరం పంపేలా ఉందో, ప్రింట్ బటన్ నొక్కితేనే పంపేలా ఉందో కూడా చూడండి.

ప్రశ్న: రైసు మిల్లు వేబ్రిడ్జి నుంచి తూకం వస్తోంది. కానీ అంకెల మధ్య పిచ్చి గుర్తులు పడుతున్నాయి. 0, 5 సరిగానే వస్తున్నాయి, 1, 2 రావడం లేదు. డ్రైవర్ మార్చాలా? (బొబ్బిలి)

జవాబు: డ్రైవర్ జోలికి పోకండి. మీరు రాసిన లక్షణమే జబ్బు పేరు చెప్పేస్తోంది. మీ ఇండికేటర్ (తూకం చూపే పెట్టె) 7 బిట్లు, ఈవెన్ పారిటీతో (1ల సంఖ్య సరి అయ్యేలా చేర్చే అదనపు బిట్టుతో) పంపుతోంది. కంప్యూటర్ దాన్ని 8 బిట్లు, పారిటీ లేనట్టు చదువుతోంది. ఆ పారిటీ బిట్టు ఎనిమిదో బిట్టుగా లెక్కలో పడుతోంది. 0, 3, 5, 6, 9 అంకెల కోడ్‌లో 1లు సరి సంఖ్యలో ఉంటాయి, వాటికి పారిటీ 0, అందుకే అవి మారకుండా వస్తాయి. 1, 2, 4, 7, 8 కోడ్‌లో బేసి సంఖ్య, పారిటీ 1, అవే గుర్తులుగా మారిపోతాయి. 3, 6, 9 కూడా బాగానే పడుతున్నాయేమో చూడండి, ఖాయమైపోతుంది.

పికోకామ్‌లో అయితే ‘-డి 7 -వై ఈ’ అని ఇవ్వండి, మూడూ చిన్నబడి అక్షరాలే. పోర్టు అమరికలు మార్చే ఎస్‌టీటీవై కమాండ్‌లో అయితే ‘సీఎస్7 పారెన్‌బీ -పారాడ్’. ఒక్క అంకె కూడా పోల్చుకోలేనంతగా అంతా చెత్తే వస్తే అప్పుడు వేగం తేడా. ఇండికేటర్ మెనూలో బాడ్ ఎంతుందో చూసి అదే పెట్టండి. 1200, 2400, 4800, 9600 వరసలో ప్రయత్నించినా సరిపోతుంది. ఇది డబ్బు లెక్కతో ముడిపడ్డ తూకం. సరిగ్గా చదవని వరుసను బిల్లు ప్రోగ్రామ్ వదిలెయ్యాలి తప్ప, మిగిలిన అంకెలతో తూకం కట్టకూడదు.

ప్రశ్న: లుబుంటు 22.04లో సీహెచ్340 కేబుల్ పెట్టగానే పోర్టు వస్తుంది, క్షణంలో మాయమవుతుంది. (ఆమదాలవలస)

జవాబు: డి-ఎం-ఈ-ఎస్-జిలో బీఆర్ఎల్‌టీటీవై పేరు కనిపిస్తుంది చూడండి. అది అంధులు వాడే బ్రెయిలీ పరికరాల ప్రోగ్రామ్. 1ఎ86:7523 నంబరు చూసి మీ కేబుల్‌ని బ్రెయిలీ పరికరం అనుకుని లాక్కుంటోంది. ఆ కంప్యూటర్‌లో బ్రెయిలీ పరికరం ఎవరూ వాడకపోతే ‘సుడో ఆప్ట్ రిమూవ్ బీఆర్ఎల్‌టీటీవై’ చాలు. వాడేవారుంటే మాత్రం దాన్ని తియ్యకండి. 85-బీఆర్ఎల్‌టీటీవై రూల్స్ ఫైలును /ఈటీసీ/యూడెవ్/రూల్స్.డి లోకి కాపీ చేసి, అందులో ఈ నంబరున్న వరుస ముందు # పెట్టి రీబూట్ చెయ్యండి.

ప్రశ్న: రెండు కాటాలు, రెండూ ఒకే రకం కేబుళ్లు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా యూఎస్‌బీ0, యూఎస్‌బీ1 తారుమారవుతున్నాయి. (విజయనగరం)

జవాబు: ఆ నంబర్లు దొరికిన వరసలో ఇచ్చేవి, వాటిని నమ్ముకోకూడదు. ఎఫ్‌టీడీఐ కేబుళ్లకు సాధారణంగా విడివిడి సీరియల్ నంబరు ఉంటుంది, అప్పుడు /డెవ్/సీరియల్/బై-ఐడీ లోని పేరు వాడండి. సీహెచ్340కి సాధారణంగా ఆ నంబరు ఉండదు. అలాంటప్పుడు బై-పాత్ పేరే దిక్కు. అది సాకెట్‌ని బట్టి వచ్చే పేరు కాబట్టి, ఏ కాటా కేబుల్ ఏ సాకెట్‌లో ఉండాలో చీటీ అంటించండి.

ప్రశ్న: టైనీ కోర్‌లో మోడ్‌ప్రోబ్ కొడితే సీరియల్ మాడ్యూలే లేదంటోంది. (రాజాం)

జవాబు: టైనీ కోర్ బేస్‌లో అవి ఉండవు, విడిగా తెచ్చుకోవాలి: ‘టీసీఈ-లోడ్ -డబ్ల్యూఐ యూఎస్‌బీ-సీరియల్-కెర్నల్’. చివరి కెర్నల్ అన్న మాట పెద్దబడిలో అలాగే కొట్టాలి, మీ వెర్షన్ అదే వేసుకుంటుంది. ఆన్‌బూట్ జాబితాలో ఆ పేరు చేరిందో లేదో చూసుకోండి, లేకపోతే రీబూట్ తర్వాత మళ్లీ ఇదే కథ.

ప్రశ్న: మదర్‌బోర్డు మీదే 9 పిన్నుల పోర్టు ఉంది. టీటీవైఎస్0 కనిపిస్తోంది గానీ డేటా రాదు. (పార్వతీపురం)

జవాబు: ఆ పేరు కనిపించినంత మాత్రాన పోర్టు ఉన్నట్టు కాదు. హార్డ్‌వేర్ లేకపోయినా టీటీవైఎస్0 నుంచి 3 దాకా పేర్లు ఉండొచ్చు. ‘సుడో సెట్‌సీరియల్ -జి /డెవ్/టీటీవైఎస్0’ కొట్టండి, ఇందులో జి చిన్నబడి, ఎస్ పెద్దబడి. యూఆర్టీ (సీరియల్ పోర్టు చిప్పు) 16550ఎ అంటే పోర్టు ఉంది, ‘అన్‌నోన్’ అంటే లేదు. లేదని తేలితే బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరిచే సెట్టింగుల్లో) సీరియల్ పోర్టు ఆపేసి ఉందేమో చూడండి. చిరునామా 3ఎఫ్8, ఐఆర్‌క్యూ 4 పెట్టి సేవ్ చేసి రీబూట్ చేస్తే వస్తుంది.