పదిహేనేళ్ల బాబు అర్ధరాత్రి దాటినా నిద్రపోకపోతే

మీ బాబుకి 15 ఏళ్లనీ, రాత్రి ఒంటిగంట దాకా మేలుకునే ఉంటున్నాడనీ, పొద్దున బడికి లేపబోతే కసురుకుంటున్నాడనీ రాశారు. బద్ధకమా, ఫోన్ పిచ్చా అని అడిగారు. దయచేసి బద్ధకం అనకండి. యుక్తవయసు మొదలయ్యాక నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ అనే హార్మోన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది. చిన్నప్పటిలా తొమ్మిదికే పడుకోమంటే నిజంగానే నిద్ర రాదు. కానీ 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. చిక్కంతా అక్కడే.

ఫోన్ లాక్కోవడంతో మొదలుపెట్టకండి, గొడవే మిగులుతుంది. ముందు లేచే వేళ సరిచేయండి. సెలవు రోజైనా మామూలు కంటే గంటకు మించి ఆలస్యం కానివ్వకండి. లేవగానే కాసేపు ఆరుబయట వెలుతురులో నడవనివ్వండి, శరీరంలోని గడియారాన్ని ముందుకు జరిపేది ఆ వెలుతురే. పడుకునే వేళను రెండు మూడు రోజులకోసారి 15 నిమిషాల చొప్పున ముందుకు తెండి. రాత్రిపూట ఫోన్లన్నీ పడగ్గది బయటే ఛార్జింగ్ పెట్టండి, మీవి కూడా. మీ ఫోన్ మంచం పక్కనే ఉంటే బాబు మీ మాట ఎందుకు వింటాడు? సాయంత్రం కాఫీ, ఎనర్జీ డ్రింకులు వద్దు.

చదువు టెన్షన్ ఏమైనా ఉందేమో తీరిగ్గా అడగండి. గట్టిగా గురక పెడుతున్నా, రెండు వారాలుగా దిగులుగా ఉంటున్నా, ఇష్టమైన ఆటలు మానేసినా డాక్టరుకు చూపించండి. చనిపోవాలనుంది లాంటి మాట నోట వస్తే మాత్రం ఒంటరిగా వదలకుండా ఆ క్షణమే తీసుకెళ్లండి.